ఇస్సాకు పేరు కింద ఒక మాట

26 జూన్ 2025, గురువారం

పొద్దున ముసురు, పదింటికి తెరిపి. మైకుసెట్టు హారన్ల లోపలి తుప్పు గీకి సిల్వర్ పెయింట్ వేశాను.

రాయదుర్గం మెట్రో దగ్గర టవర్ గేటు ముందు పని పోయిన హౌస్‌కీపింగ్ వాళ్ల మీటింగు. మూడింటి నుంచి ఐదున్నర దాకా పర్మిషన్.

సామాను బయటికి: పెద్ద ఆంప్లిఫయర్ 1, హారన్లు 4, మైకులు 2, స్టాండు 1, బ్యాటరీలు 2, వైరు రెండు చుట్టలు, ఫ్యూజుల డబ్బీ (10).

సామాను లోపలికి: అన్నీ వచ్చాయి. ఫ్యూజుల డబ్బీ (10).

మధ్యలో ఫ్యూజు కాలిపోయింది.

ఇస్సాకు పోయాడు. సాయంత్రం ఆరూ పదికి, దవాఖానలో.

27 జూన్, శుక్రవారం

ఉక్క. షాపు తీయలేదు.

28 జూన్, శనివారం

మబ్బు. సమాధుల తోటకు చిన్న ఆంప్లిఫయర్, హారన్ ఒకటి, మైకు ఒకటి తీసుకెళ్లాను. ఇస్సాకు కూతురు గ్రేస్ అడగలేదు, నేనే తీసుకెళ్లాను. తండ్రికి మైకు లేకుండా ఎట్లా అనిపించింది.

పాస్టరు గారి ప్రార్థన అయ్యాక మైకు ఆపడం మరిచాను. పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి పడిన చప్పుడు హారన్‌లోంచి రోడ్డు దాకా వెళ్లింది. స్విచ్ నొక్కాను. ఆపడం ఎంత తేలిక.

గ్రేస్ నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, మీరు పొద్దుటి నుంచి ఏమన్నా తిన్నారా?" అంది. తల్లి ఆరేళ్ల కింద పోయింది. ఇప్పుడు తండ్రి. ఇక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. నన్ను అడిగింది, తిన్నారా అని.

మీటింగుకు వచ్చినవాళ్లు చుట్టూ చేరి మైకు ఎందుకు ఆగిందన్నారు. ఫ్యూజు కాలిందని చెప్పాను. మైకుసెట్టు అన్నాక ఫ్యూజులు కాలతాయి. అందరికీ తెలిసిన సంగతే.

1 జూలై, మంగళవారం

వాన. పని లేదు. రెండు మైకుల జాలీలు విప్పి బ్రష్‌తో కడిగాను. ఒకదాని జాలీలో ఇస్సాకు వేసుకునే లవంగం వాసన ఉంది. అది కడగలేదు.

ఇస్సాకును మొదటిసారి చూసింది తొంభై ఏడులో. ఇక్కడ గుట్టలు పగలగొట్టి పెద్ద బిల్డింగులు లేపుతున్న రోజులు. ఒక బిల్డింగుకు స్లాబు పూజ, నాది మైకు. అంతకు రెండు రోజుల ముందు పరంజా మీద నుంచి ఒక కూలీ పడి చనిపోయాడు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దలు మాట్లాడి టీకి లేచినప్పుడు ఒంగోలు వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు, సిమెంటు చేతులతోనే వచ్చి మైకు పట్టుకున్నాడు. అరుస్తాడనుకుని వాల్యూమ్ తగ్గించాను. అతను అరవలేదు. పక్కనున్న మనిషితో చెప్పినట్టు మెల్లగా అన్నాడు: "చచ్చిపోయినోడి పేరేందో మీలో ఎవరికన్నా తెలుసా?"

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోయారు. అప్పుడు పేరు చెప్పాడు. రెండోసారి ఇంకొంచెం గట్టిగా, మూడోసారి నా హారన్లు చీలిపోయేటట్టు. పూజకు పెట్టిన కొబ్బరికాయలు అట్లాగే ఉండిపోయాయి.

పని పోయింది అతనికి. సాయంత్రం నా షాపు ముందుకు వచ్చి, "ఏందయ్యా, నేను మొదలుపెట్టంగానే నీ మైకు గొంతు తగ్గిందే? దానికి జలుబా?" అన్నాడు. దోస్తీ అట్లా మొదలైంది. నేను మాట్లాడను, అతను ఆపడు. ఇరవై ఎనిమిదేళ్లు బాగానే నడిచింది.

6 జూలై, ఆదివారం

ఎండ, సాయంత్రం గాలి. వైర్ల అతుకులకు టేపు చుట్టాను.

గ్రేస్ డ్యూటీ దిగి మదీనాగూడ నుంచి నేరుగా షాపుకు వచ్చింది, నర్సు చీరలోనే. నా భార్య రుక్కమ్మ టీ పెట్టింది.

"రాతిపని ఎల్లయ్యకి సమాధి రాయికి పేరూ తేదీలూ ఇచ్చాను బాబాయ్. పేరు కింద ఒక మాట రాయించాలని ఉంది. ఏం రాయించను? మేస్త్రీ అనా? చివరికి లిఫ్టు ఆపరేటర్‌గా చేశాడు, అది రాయించనా? అసలు మా నాన్న ఏంటి?"

"మీటింగుల్ల మాట్లాడేటోడు," అన్నాను.

"అదే. దానికి మాటేంటి?"

చూసి చెప్తానన్నాను.

నలభై రోజుల జ్ఞాపకార్థ కూడిక ఆగస్టు మూడున పెట్టుకున్నారట. "ఆ రోజు మీరు నాన్న గురించి నాలుగు మాటలు చెప్పాలి," అంది.

రుక్కమ్మ లోపలి నుంచే అందుకుంది. "నాలుగా? ముప్పై ఏండ్ల సంది మీ బాబాయ్ మైకుల చెప్పేటివి రెండే బిడ్డా. హలో ఒకటి, చెక్ ఒకటి."

గ్రేస్ నవ్వింది. తండ్రి పోయాక నవ్వడం ఇదే మొదలనుకుంటా. వెంటనే కళ్లు తుడుచుకుంది. పోతూ పోతూ, "ఆ ఫ్యూజు కాలకపోతే నాన్న అంత గొంతు చించుకునేవాడు కాదు కదా," అంది. నన్ను అనలేదు. ఫ్యూజును అంది.

8 జూలై, మంగళవారం

ముసురు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న పాత నిఘంటువు దించి దుమ్ము దులిపాను. నేను చదివింది ఐదో తరగతి. మిగతా అక్షరాలు బ్యానర్ల మీద నేర్చుకున్నాను, కొన్ని దీంట్లో.

ఆ రోజు ట్రాలీ ఆటోకు కట్టిన బ్యానర్ మీద ఉన్నది 'కార్మిక గర్జన'. గర్జన చూశాను. ఉరుము, సింహపు అరుపు అని ఉంది. ఇస్సాకుది అది కాదు. ఉపన్యాసం చూశాను. మొదటి అర్థం 'సమీపమున ఉంచుట' అని ఉంది. అచ్చుతప్పు అనుకున్నాను. చెన్నకేశవులు సారును అడగాలి.

10 జూలై, గురువారం

తెరిపి. బోనాలకు సౌండు బాక్సుల గుడ్డ తొడుగులు ఉతికించి ఆరేశాను.

చెన్నకేశవులు సారు తెలుగు పంతులుగా రిటైరై ఇప్పుడు మదీనాగూడలో ఫ్లెక్సీ షాపులో అచ్చుతప్పులు దిద్దుతున్నాడు. వెళ్లేసరికి కంప్యూటర్ ముందు కుర్రాళ్ల మీద కేకలేస్తున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"గర్జన రాయియ్యకు నారాయణా. వారానికి నాలుగు గర్జనలు కొడ్తున్నం ఈడ. మొన్న ఒక అపార్టుమెంటోళ్లు నీళ్ల ట్యాంకర్ వస్తలేదని గర్జన కొట్టిచ్చుకున్నరు. లిఫ్టు ఆగిపోతే ఇంకేం కొట్టిచ్చుకుంటరో. గర్జన మబ్బులది. మబ్బుకు కింద ఎవడున్నడో పట్టి ఉండదు."

"ఉపన్యాసమో సార్?"

"ఉప అంటే దగ్గర. న్యాసం అంటే పెట్టుడు. తెచ్చి దగ్గర పెట్టుడు, గంతే. పూజల అంగన్యాసం చూసినవు గద? అయ్యగారు గుండె ముట్టుకొని, నెత్తి ముట్టుకొని, మంత్రాన్ని ఆడ పెడ్తడు. నమ్మినోని దగ్గర దాచిపెట్టిన సొమ్మును సుత న్యాసమనే అన్నరు పాతోళ్లు."

"ప్రసంగమో?"

"అది అంటుకునుడు. దాంట్ల సంగం ఉంది గద. మనిషికి మనిషి అంటుకునుడు."

"మరి అరుసుడు ఏడుంది సార్ వీటిల్ల?"

"లేదు." కళ్లజోడు తీసి నవ్వాడు. "అరుసుడు తర్వాత వచ్చి కలిసింది, మైకులు పుట్టినంక. అంటే నువ్వే కలిపినవు."

నేను కూడా నవ్వాను. ఆటోలో వస్తుంటే నవ్వు ఆగింది. నమ్మినోని దగ్గర దాచిపెట్టిన సొమ్ము.

13 జూలై, ఆదివారం

మబ్బు. షాపు ముందు కాలువలో చెత్త తీశాను.

పోచమ్మ వచ్చింది. టవర్‌లో పని తీసేసిన నలభై ఒక్క మందిలో ఒకతె. ఆ రోజు ట్రాలీకి ఆనుకుని, నా ఆంప్లిఫయర్ పక్కనే నిలబడింది. ఇప్పుడు కొండాపూర్‌లో ఒక ఇంట్లో అంట్లు తోముతోందట. కాసేపు వాళ్ల ఇంటి కిరాయి గురించి, కంపెనీ వాళ్లు గేటుకు అంటించిన కాగితం గురించి చెప్పింది. మీటింగును మేము ఆపలేదు, వాళ్ల యంత్రమే చెడిపోయింది అని రాశారట.

తర్వాత అడిగింది. "అన్నా, ఫ్యూజు కాలితే గాజు నల్లగైతది గద?"

"అయితది."

"నువ్వు అంగీ జేబుల ఏసుకున్నది తెల్లగుండె."

నేను వైరు చుడుతూనే ఉన్నాను.

"ఎవలికి చెప్పలే. చెప్తె నీ మీద పడ్తరు, మీద పడ్తె ఇస్సాకన్న లేచి వస్తడా? ఊకెనే అడిగిన." గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "కాయితంల నా పేరు ఇర్వై ఎనిమిదోది అన్నా. ఆయన ఇర్వై ఏడు దాక చదివిండు. నేను బడికి పోలే. నా పేరు అట్ల పది మందిల ఎవ్వలు పిలువలే ఇంతదనుక. పిలుస్తడని కొంగు సర్దుకొని నిలబడ్డ."

14 జూలై, సోమవారం

వాన. ఫ్యూజు నేనే తీశాను.

ఇస్సాకు గుండె కోసం తీశాను. రెండేళ్ల కింద అతనికి స్టెంటు వేశారు. గట్టిగా మాట్లాడవద్దని డాక్టరు చెప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ రోజు చెమటలు పడుతున్నాయి. గొంతు నరాలు లేచాయి. కాసేపు ఆపితే నీళ్లు తాగుతాడు, కూర్చుంటాడు అనుకున్నాను. దోస్తు గుండె గురించి దోస్తు కాక ఎవరు చూస్తారు.

గుండె కోసమే తీశాను.

17 జూలై, గురువారం

ఎండ. బోనాల పనికి చిన్న ఆంప్లిఫయర్ సిద్ధం చేశాను. పెద్దది బయటికి తీయడం లేదు.

శ్రీనివాసరావు గారు ఫోన్ చేశారు. ఆ టవర్ నిర్వహణ అంతా చూసే మేనేజరు. పంద్రాగస్టుకు టవర్‌లో జెండా వందనం, సౌండు నాదేనని చెప్పారు.

"ఏటా మీరే కదండీ నారాయణ గారూ. ఈసారి కొంచెం పెద్దగా చేద్దామంటున్నారు పైవాళ్లు. ఆ రోజు అలా జరగడం మాకూ బాధగానే ఉందండి. మీరేమీ మనసులో పెట్టుకోకండి."

సరేనండి అన్నాను. నా నోటికి వచ్చే మాట అదొక్కటే.

పెట్టేశాక ఫోన్‌లో పాత కాల్స్ చూశాను. 26 జూన్, శ్రీనివాసరావు గారు, 4.40. మాట్లాడింది నలభై సెకన్లు. ఫ్యూజు తీసింది 4.41కి. ఎదురుగా టవర్ మీద పెద్ద డిజిటల్ గడియారం ఉంది, చూశాను.

ఇక రాస్తాను. ఇది నాకే కదా.

పని పోయిన నలభై ఒక్క మంది పేర్లు ఇస్సాకు కాగితం మీద రాసుకొచ్చాడు. పేరు చదువుతాడు, ఎన్నేళ్లు చేశారో చదువుతాడు, ఆ మనిషి చెయ్యి ఎత్తుతుంది. పదకొండో పేరు అయింది. మెట్రో మెట్ల మీద జనం ఆగి వింటున్నారు. అప్పుడు ఫోన్ వచ్చింది. "మా విదేశీ క్లయింట్లు ఇప్పుడే కిందికి దిగుతున్నారండీ. ఒక్క పది నిమిషాలు ఆగితే చాలు. కరెంటు పోయిందనో ఏదో చెప్పండి. మీరు మనవాళ్లే కదా."

సరేనండి అన్నాను. ఆంప్లిఫయర్ వెనక మూత తిప్పి ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను.

మైకుకు పార్టీ లేదని అందరికీ చెప్పుకుంటాను. పెంచు అంటే పెంచాను, తగ్గించు అంటే తగ్గించాను, ఆపు అంటే ఆపాను. అన్ని జెండాల వాళ్లూ నన్నే పిలుస్తారు, అందుకే. నా లెక్క ఏమిటంటే, ఇన్నేళ్లలో మైకు ఆగితే ప్రతి నాయకుడూ ఆగాడు. మైకును తట్టి చూస్తారు, నా వైపు కోపంగా చూస్తారు, నీళ్లు తాగి కూర్చుంటారు. మైకు లేకుండా మాట్లాడినవాణ్ణి నేను చూడలేదు. ఇస్సాకు కూడా పది నిమిషాలు నీళ్లు తాగుతాడనుకున్నాను.

అతను మైకును తట్టలేదు. నా వైపు చూశాడు. కోపం లేదు. వీడు చూసుకుంటాడులే అన్నట్టు చూసి, స్టాండు పక్కకు జరిపి, పన్నెండో పేరు చదివాడు. మెట్రో మెట్ల దాకా వినిపించేటట్టు. ఒక్కో పేరూ అంతే గొంతుతో. పదిహేను. ఇరవై. జేబులో చెయ్యి పెట్టి ఫ్యూజు పట్టుకున్నాను. మళ్లీ పెట్టడానికి అర నిమిషం పట్టదు. పది నిమిషాలు కాలేదు కదా అని గడియారం చూశాను. ఇరవై ఐదు. ఇరవై ఏడు. తర్వాతి పేరుకు నోరు తెరిచి, ట్రాలీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. గడియారంలో 4.50. ఇంకొక్క నిమిషం ఉంది.

గుండె గురించి డాక్టరు చెప్పింది నాకు ఆ తర్వాతే గుర్తొచ్చింది. ముందు కాదు.

కాలిందని చెప్పాను. కాలితే డబ్బీలో పది ఉండగా కొత్తది ఎందుకు వేయలేదని ఎవరూ అడగలేదు. అడుగుతారని ఎదురుచూశాను.

20 జూలై, ఆదివారం

బోనాలు. పొద్దున్నుంచి పని. ఒకాయన అడిగితే ఫ్యూజు కాలిందనే చెప్పాను.

24 జూలై, గురువారం

సన్నవాన.

రుక్కమ్మ నీలం చొక్కా బకెట్లో వేయబోతే లాక్కున్నాను.

"నెల రోజుల సంది ఈ అంగీ ఉతకనిస్తలేవు. ఏముంది గా జేబుల?" తీసి చూసింది. "మంచిగనే ఉంది గద ఇది. కాలిందంటివి."

ఆమె నా మొహం చూసింది. ఇంట్లో ఎప్పుడూ మాట్లాడే మనిషి. ఫ్యూజును నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసి, చొక్కా తీసుకుని బయటికి వెళ్లింది. ఉతికిన చప్పుడు వినిపించింది, ఒక్క చొక్కాకు అంతసేపు.

అన్నం పెడుతూ, "గ్రేస్ పొల్లకు చెప్పు," అంది. "నువ్వు చెప్తెనే. నేను చెప్తె అది చాడీ అయితది."

27 జూలై, ఆదివారం

మబ్బు, వాన లేదు. సైకిల్‌కు గాలి కొట్టించుకుని గ్రేస్ ఇంటికి వెళ్లాను. శేరిలింగంపల్లి స్టేషన్ వెనక రెండు గదులు.

దారంతా మాటలు కూర్చుకున్నాను. గ్రేస్ కుర్చీ వేసి నీళ్లు ఇచ్చింది. బల్ల మీద తండ్రి కళ్లజోడు, బైబిలు, మందుల డబ్బా అట్లాగే ఉన్నాయి. "మాట దొరికిందా బాబాయ్?" అంది. దొరికిందని ఉపన్యాసం సంగతి చెప్పాను, సారు చెప్పినట్టే. తెచ్చి దగ్గర పెట్టడం అని. శ్రద్ధగా వింది.

కూర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. జేబులోంచి ఫ్యూజు తీసి బల్ల మీద ఆమె చేతికి దగ్గరగా పెట్టాను.

గ్రేస్ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ఇంజెక్షన్ సీసాలు పట్టి చూసి అలవాటైన చెయ్యి. లోపలి తీగ తెగలేదు, గాజు తేటగా ఉంది.

"ఇది కాలలేదు," అంది.

"కాలలేదు బిడ్డా. నేను తీసిన."

"ఎందుకు?"

"తీయమన్నరు. ఫోన్ చేసి."

"ఎవరు?"

చెప్పాను. టైము కూడా చెప్పాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి వంటగదిలోకి వెళ్లింది, కుళాయి తిప్పిన చప్పుడు, చాలాసేపు. నేను లేచి పోవాలా కూర్చోవాలా తెలియలేదు. కూర్చున్నాను.

మొహం కడుక్కుని వచ్చింది. "నాన్నకి తెలుసా?"

"నా దిక్కు చూసిండు. నేను బాగు చేస్తనే అనుకున్నడు."

"పోనీలెండి," అంది. నన్ను ఉద్దేశించి కాదు, తండ్రికి తెలియనందుకు. తర్వాత అంది: "నేను నర్సుని బాబాయ్. మైకు ఉన్నా ఆ గుండె ఆ రోజే ఆగేదేమో. ఆగకపోనూ వచ్చు. నాకు తెలియదు, మీకూ తెలియదు. మీరు ఇక దాంతోనే ఉండాలి, నేనూ ఉండాలి. మిమ్మల్ని ఏమీ అనను. ఏమీ లేదని కూడా అనను."

బీరువా తెరిచి దవాఖాన వాళ్లిచ్చిన కవరు తీసింది. అందులోంచి నాలుగు మడతల కాగితం. ఇస్సాకు రాత. నలభై ఒక్క పేర్లు. చెమటకు కొన్ని అక్షరాలు అలుక్కుపోయాయి. నా ముందు పెట్టింది.

"నాకు చెప్పారు. ఈ పేర్ల వాళ్లకి ఎవరు చెప్తారు? మీటింగు వాళ్ల యంత్రమే చెడిందని కంపెనీ వాళ్లు గేటుకి అంటించారు. మా నాన్న చావు ఆ మీటింగు తప్పయింది. కూడిక రోజు మీరు మాట్లాడాలి."

"నాకు మాట్లాడ రాదమ్మా."

"నాన్నకి మాత్రం ఎవరు నేర్పారు?"

ఫ్యూజు తిరిగి నాకిచ్చింది. కాగితం కూడా.

2 ఆగస్టు, శనివారం

ఎండ. శ్రీనివాసరావు గారికి ఫోన్ చేశాను. పంద్రాగస్టుకు రానని చెప్పాను.

"ఏమైందండీ? ఆరోగ్యం బాగాలేదా?"

"బాగనే ఉందండి. రేపు ఇస్సాకు కూడికల ఫ్యూజు సంగతి చెప్తున్న. మీ పేరుతోని. ముందుగాల మీకు చెప్పుడు ధర్మమని చెప్తున్న."

"మీ మాట ఎవరు నమ్ముతారు నారాయణ గారూ?" అన్నారు. కోపంగా కూడా కాదు.

తెల్వదండి అన్నాను. ముప్పై ఏళ్లలో ఆయన లాంటి వాళ్లతో సరేనండి కాక ఇంకో మాట అనడం ఇదే మొదలు.

పెద్ద ఆంప్లిఫయర్ బయటికి తీసి తుడిచాను. ఆ ఫ్యూజునే దాని చోట పెట్టి మూత తిప్పాను. స్విచ్ వేస్తే ఎర్రబల్బు వెలిగింది. నెల పైన అయింది, ఏమీ జరగనట్టే వెలిగింది.

3 ఆగస్టు, ఆదివారం

పొద్దున చిన్న చినుకులు, తర్వాత ఎండ. చర్చి పక్క హాలు ఊడ్చి, కుర్చీలు వేసి, వైరు తలుపు పక్క నుంచి కాళ్లకు తగలకుండా లాగాను.

సామాను బయటికి: పెద్ద ఆంప్లిఫయర్ 1, హారన్లు 2, మైకు 1 (కడగనిది), స్టాండు 1, ఫ్యూజుల డబ్బీ (10).

డెబ్బై మంది వచ్చారు. చిన్న హాలు, మైకు అక్కర్లేదన్నారు పాస్టరు గారు. ఉండనివ్వండి అంది గ్రేస్.

ప్రార్థన అయ్యాక నా పేరు పిలిచారు. స్టాండు దగ్గరికి వెళ్లి అలవాటుగా హలో అన్నాను. చెక్ అనబోయి ఆగాను. వెనక వరసలో ఎవరో నవ్వారు. రుక్కమ్మ మాత్రం తల వంచుకుని ఉంది.

ఏం చెప్పానో రాసుకుంటాను, తర్వాత మార్చి చెప్పకుండా. "మీటింగు నాడు ఫ్యూజు కాలలేదు. మేనేజరు శ్రీనివాసరావు గారు ఫోన్ చేసిండు. నేను తీసిన. ఇస్సాకుకు తెల్వదు. కాలిందని మీకు అబద్ధం చెప్పిన. ఇస్సాకు ఇరవై ఏడు పేర్లు చదివిండు. మిగిలినవి నా దగ్గర ఉన్నయి." అంతే. ఇంతకన్నా రాలేదు.

తర్వాత ముందు వరసలో పదమూడేళ్లు గార్డుగా చేసిన ఒకాయన లేచాడు. "గింత దోస్తువి," అన్నాడు, "గింత దోస్తువి," అని మళ్లీ అన్నాడు. కుర్చీ కాలితో తన్ని బయటికి వెళ్లిపోయాడు. అతని వెనక ఇద్దరు వెళ్లారు. వాళ్లను తప్పు పట్టను.

కాగితం మడతలు విప్పాను. ఆ చప్పుడు కూడా మైకులో పడింది. వాల్యూమ్ తగ్గించుకునే వీలు లేదు, ఆంప్లిఫయర్ దగ్గర నేను లేను. చదివాను.

"ఇరవై ఎనిమిది. పోచమ్మ. తొమ్మిదేండ్లు."

పోచమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగు సర్దుకుంది. "ఉన్న," అంది.

"ఇరవై తొమ్మిది. జ్యోత్స్న. రెండేండ్లు."

"పనికి వోయింది," అన్నారెవరో.

"ముప్పై. ప్రశాంతి. ఏడేండ్లు."

"ఉన్న."

నలభై ఒకటి దాకా అట్లా. నేను గట్టిగా చదవలేదు, నాకు రాదు. మైకు నోటికి ఆనించుకుని మెల్లగా చదివాను. ఉన్నవాళ్లు ఉన్నమన్నారు, లేనివాళ్ల గురించి పక్కవాళ్లు చెప్పారు. ముప్పై ఐదో పేరు చెమటకు అలుక్కుపోయి చదవరాలేదు. ఆగిపోతే ఒక ముసలామె లేచి, "గది నేనే కొడుకా," అని తన పేరు తానే చెప్పింది.

నేను వచ్చి ఈ మూలన ఆంప్లిఫయర్ పక్కన నా చోట్లో కూర్చున్నాను. గ్రేస్ వచ్చి ఒక చీటీ ఇచ్చింది. నా మొహం చూడలేదు. "ఎల్లయ్యకి ఇవ్వండి బాబాయ్. ఆ మాటే రాయించమనండి," అని వెళ్లి వడ్డనలో చేరింది. చీటీలో తండ్రి పేరు, దాని కింద 'ఉపన్యాసకుడు' అని ఉంది. బాబాయ్ అనే పిలిచింది.

భోజనాలకు లేస్తారనుకున్నాను, లేవలేదు. పోచమ్మ మైకు దగ్గరికి వెళ్లింది. నేను మళ్లీ లేచి స్టాండు ఆమె ఎత్తుకు దించి, దగ్గరగా పెట్టి వచ్చాను. "ఇందుల మాట్లాడాల్నా అన్నా?" అంటే తల ఊపాను. ఇప్పుడు మాట్లాడుతోంది, నేను ఇది రాస్తున్నాను. ఆమె తర్వాత మాట్లాడడానికి ఇంకా ముగ్గురు నలుగురు లేచి గోడ పక్కన నిలబడ్డారు. నా జేబులో ఫోన్ రెండుసార్లు మోగింది. ఎవరో చూడలేదు.

సామాను లోపలికి:

పోచమ్మ గొంతు సన్నది. వెనక వరసలో ఎవరో చెయ్యి ఎత్తి వినిపిస్తలేదంటున్నారు. వాల్యూమ్ పెంచాలి. లేచి